చెప్పకపోతే కనిపించరు: కన్సల్టింగ్ ఆఫీసులో ఎదుగుదల, మన చోటు

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో కొందరి చేతికి ఇప్పటికే ఆఫర్ లెటర్ వచ్చింది. ఇంకొన్ని నెలల్లో హైదరాబాద్‌లో ఏదో ఒక కన్సల్టింగ్ సంస్థలో అనలిస్టుగా చేరబోతున్నారు. ఇంటర్వ్యూ ఎట్లా దాటాలో చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరికి ఉంటారు. చేరాక మొదటి ఏడాదిన్నర ఎట్లా నిలదొక్కుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. పాలమూరు, నల్లగొండ పిల్లలకు తెలివి తక్కువై అక్కడ వెనకబడటం నేను చూడలేదు. చెప్పాల్సిన మాట చెప్పాల్సిన వేళకు నోట్లోంచి రాకపోవడం వల్లనే వెనకబడతారు. ఈ పూట నేను మాట్లాడేదంతా దాని చుట్టే.

ముందు ఆ సంస్థ ఏం అమ్ముతుందో తెలియాలి. మిర్యాలగూడ మిల్లు బియ్యం అమ్ముతుంది. కన్సల్టింగ్ సంస్థ మనుషుల సమయాన్ని అమ్ముతుంది. ఒక ఆస్పత్రికి మందుల కొనుగోళ్లలో డబ్బు ఎక్కడ కారిపోతుందో తెలియాలి. ఒక బ్యాంకు పాత సాఫ్ట్‌వేర్ వదిలి కొత్తదానికి మారాలి. వాళ్లు 12 వారాలకో ఆరు నెలలకో ఒక జట్టును తెచ్చుకుంటారు. జట్టులో అందరికన్నా కింద అనలిస్టు, పైకి పోతే కన్సల్టెంటు, మేనేజరు, సీనియర్ మేనేజరు, ఆఖరున పార్ట్‌నర్. పేర్లు సంస్థకో తీరుగా ఉంటాయి, మెట్లు దాదాపు ఇవే.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడాదికి 52 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 2,080 గంటలు. అందులో క్లయింటు, అంటే జట్టును తెచ్చుకున్న సంస్థ, పనికి పోయిన గంటల శాతాన్ని యుటిలైజేషన్ అంటారు. లక్ష్యం 80 శాతం అనుకుంటే 1,664 గంటలు. మిగిలేవి 416, అంటే 52 పనిదినాలు. సెలవులూ పండుగలూ కలిపి 30 రోజులు తీసేస్తే చేతిలో 22 రోజులు. ట్రైనింగులు, ఆఫీసు లోపలి పనులు, ఒక ప్రాజెక్టుకూ మరో ప్రాజెక్టుకూ మధ్య ఖాళీ, అన్నీ ఆ 22 రోజుల్లోనే సర్దుకోవాలి. శాతమూ లెక్కగట్టే తీరూ సంస్థను బట్టి మారతాయి, ఇరుకు మాత్రం అంతటా ఉంటుంది. అందుకే తీరిక దొరికినప్పుడు నేర్చుకుందాం అనుకున్నవాళ్లు నేర్చుకోలేరు. నేర్చుకునేది ప్రాజెక్టు లోపలే.

మొదటి గుంత కూడా ఈ లెక్కలోనే ఉంది. ఏ పనికి ఎన్ని గంటలు పట్టాయో రాసి పంపేది టైమ్‌షీట్. ఎనిమిది గంటలు పట్టిన పనికి కొత్తవాళ్లు అందులో నాలుగు గంటలే వేస్తారు. నెమ్మది మనిషి అనుకుంటారేమోనని భయం. మేనేజరు తర్వాతి ప్రాజెక్టుకు ఆ నాలుగు గంటలనే కొలతగా పట్టుకుంటారు, అది ఇంకో కొత్తవాడి మెడకు చుట్టుకుంటుంది. మీకు సాయం కావాలన్న సంగతీ బయటపడదు. రాత్రుళ్లు కూర్చుని చేసిన పని ఎక్కడా లెక్కలోకి రాదు. పట్టినన్ని గంటలు వేయండి. టైమ్‌షీట్ పంపకముందే ఒక మాట చెప్పండి: "నాలుగు గంటలనుకున్నది ఎనిమిదైంది, డేటాలో తేదీలు మూడు రకాలుగా ఉన్నాయి." క్లయింటుకు ఎంత బిల్లు వేయాలన్నది వాళ్లు తేల్చుకుంటారు, ఆ బరువు మీది కాదు.

మన జిల్లా వాళ్లకు గుంపు మేస్త్రీ అంటే వివరించనక్కర్లేదు. పాలమూరు కూలీ దేశంలో ఆనకట్టలు కట్టడానికి, కాల్వలు తవ్వడానికి గుంపులుగా పోయినప్పుడు మేస్త్రీ ఏడాది పొడుగునా వెంట ఉండేవాడు. ఎవరి చెయ్యి ఏ పనికి వాటమో, ఎవరికి జ్వరమో, ఎవరి ఇంట్లో పెళ్లో అతనికి తెలుసు. ఆ పద్ధతిలో దోపిడీ ఉంది, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కానీ ఒక మనిషిని ఏడాదంతా చూసే ఇంకో మనిషి అక్కడ ఉండేవాడు. కన్సల్టింగ్‌లో ఆ మనిషి ఉండడు. ప్రాజెక్టు మేనేజరు మిమ్మల్ని 12 వారాలు చూస్తారు, తర్వాత ఆయనొక దిక్కు, మీరొక దిక్కు. ఏడాదిలో మూడు ప్రాజెక్టులైతే మిమ్మల్ని మూడు ముక్కలుగా చూసినవాళ్లు ముగ్గురుంటారు.

ఆ ముక్కలను కలిపి చూడటానికే సంస్థ మీకు ఇంకో సీనియర్‌ను అప్పజెబుతుంది. కొన్నిచోట్ల కోచ్ అంటారు, కొన్నిచోట్ల కౌన్సెలర్. చాలా సంస్థల్లో రేటింగులు తేల్చే సమావేశానికి మీరు వెళ్లరు, మీ తరఫున మాట్లాడేది కోచే. ఆయన ముందున్న జాబితాలో మీతో పాటు ఇంకొందరు ఉంటారు. మీ గురించి చెప్పడానికి దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ నిమిషాల్లో ఆయన నోట్లో ఏం మాట ఉంటుందన్నది మీరు ఏడాదంతా ఆయనకు ఏం చెప్పారన్న దాని మీదే ఆధారపడుతుంది. నెలకోసారి అరగంట అడిగి పెట్టించుకోండి. పోయేముందు ఐదు వాక్యాలు రాసి పంపండి: ఏ పని ముగిసింది, దానివల్ల క్లయింటుకు ఏం ఒరిగింది, ఎవరు ఏమని మెచ్చుకున్నారు, ఎక్కడ చిక్కుకున్నారు, వచ్చే నెల ఏం నేర్చుకోవాలని ఉంది. డిసెంబర్‌లో కూర్చుని మార్చిలో చేసిన పని గుర్తు చేసుకోబోతే సగం మరిచిపోయి ఉంటారు. మనిళ్లలో సొంత పని గురించి చెప్పుకుంటే గొప్పలు పోతున్నాడంటారు. అక్కడ మాత్రం ఈ ఐదు వాక్యాలు గొప్పలు కావు, కోచ్ చేతికి ఇచ్చే సరుకు.

ఇగ అసలు ముచ్చట, ప్రశ్న అడగడం. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

సాయంత్రం మేనేజరు ఒక ఎక్సెల్ ఫైలు పంపి, "వెండర్ల జాబితా శుభ్రం చేసి రేపటికి ఇవ్వు" అన్నారనుకోండి. వెండర్లంటే క్లయింటుకు సరుకు అమ్మేవాళ్లు. తెరిస్తే నాలుగు వేల వరుసలు. కొన్ని పేర్లు రెండేసిసార్లు ఉన్నాయి. శుభ్రం చేయడమంటే ఏమిటో మీకు పూర్తిగా తెలియదు. అడిగితే ఇది కూడా తెలియదా అంటారేమోనని రెండోసారి వచ్చిన పేర్లన్నీ తీసేసి, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని పంపుతారు. పొద్దున తేలేది ఏమిటంటే, ఆ జంట పేర్ల కోసమే క్లయింటు ఈ జట్టును పిలిపించుకుంది. ఒకే వెండరుకు రెండుసార్లు చెల్లింపు పోతోందన్న అనుమానం వాళ్లది. ఆధారాన్నే మీరు తుడిచేశారు. అసలు ఫైలు దాచి ఉంచితే నష్టం ఒక రాత్రి. దాని మీదే సేవ్ చేసి ఉంటే ఇంకా పెద్ద చిక్కు. అందుకే ఏ ఫైలు వచ్చినా ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న ఎప్పుడు అడగాలంటే, ఒక 20 నిమిషాలు సొంతంగా తిప్పలు పడ్డాక. అంతకన్నా ముందు అడిగితే చూడకుండా అడిగినట్టుంటుంది, మూడు గంటల తర్వాత అడిగితే ఆ మూడు గంటలూ నీళ్లపాలు. ఎట్లా అడగాలన్నది దానికన్నా ముఖ్యం. "సార్, అర్థం కాలేదు" అని మెసేజ్ పెడితే అవతలి మనిషి మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, వాళ్లకు అంత తీరిక ఉండదు. ఇట్లా రాసి చూడండి:

"ఫైలులో 4,212 వరుసలున్నాయి. 37 వెండర్ల పేర్లు రెండుసార్లు వచ్చాయి. వాటిలో 29 చోట్ల పాన్ నంబరు ఒకటే, బ్యాంకు ఖాతా మాత్రం వేరు. వీటిని తీసేయాలా, విడిగా ఇంకో షీట్‌లో చూపాలా? విడిగా చూపడమే మంచిదనిపిస్తోంది, ఖాతా ఎందుకు మారిందో క్లయింటును అడగొచ్చు. ఏడింటిలోపు చెబితే రాత్రికి పంపేస్తాను. అప్పటిదాకా మిగతా వరుసల్లో తేదీలు సరిచేస్తుంటాను."

ఇందులో ఏమేం ఉన్నాయో చూడండి. చూసి లెక్కపెట్టిన సంఖ్య ఉంది. దారులు రెండు చూపారు, అందులో మీకు నచ్చినదేదో, ఎందుకో చెప్పారు. జవాబు ఎప్పటికి కావాలో ఉంది. జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనని కూడా ఉంది. మేనేజరు ఫోనులో చూసి "విడిగా చూపు" అని రెండు మాటలు కొడితే పని అయిపోతుంది. పైగా ఆ 29 ఖాతాల సంగతి మీరే పసిగట్టారని ఆయనకు తెలిసిపోయింది. ప్రశ్న అడగడం వల్ల పలచబడతామన్న భయంతో ఉన్నవాళ్లు ఈ మెసేజ్‌ను ఇంకోసారి చదువుకోండి. ఇది తెలియనివాడు రాసిన మెసేజ్‌లాగా ఉందా?

పని పంపాక రివ్యూ కామెంట్లు వస్తాయి. మొదటి ప్రాజెక్టులో ఒక పది స్లైడ్లకు నలభై కామెంట్లు రావడం వింత కాదు, ఆగం కావొద్దు. తప్పు జరిగేది వాటిని సరిచేసే తీరులో. మూడో స్లైడులో అంకెల కూడిక సరిపోలేదని కామెంటు వస్తే మూడో స్లైడు ఒక్కటే దిద్ది పంపుతారు, అదే అంకె ఏడో స్లైడులో తప్పుగానే ఉంటుంది. సీనియర్ల ఓపిక పోయేది ఇక్కడే. ఒక కామెంటు వస్తే దాని తోబుట్టువులు ఎక్కడున్నాయో వెతకండి. ఒక నోట్‌బుక్ పెట్టి కామెంటు ఏమిటి, ఎందుకు జరిగింది, పంపేముందు ఏం చూసుకుంటే దొరికేది అని మూడు గడులు గీయండి. రెండు నెలలకు చూస్తే నలభై రకాల తప్పులుండవు, ఐదో ఆరో రకాలే తిరిగి తిరిగి వస్తుంటాయి. ఆ ఐదారూ మీ సొంత చెక్‌లిస్టు. ఎదుగుదల అన్న పెద్ద మాటను నేను ఇట్లాంటి నోట్‌బుక్‌లోనే చూస్తాను.

తప్పు చేసినప్పుడు చెప్పడం ఇంకా కష్టం. జీతాల వివరాలున్న హిడెన్ షీట్, అంటే తెరవగానే కనిపించకుండా దాచిన పేజీ, తీసేయకుండా ఫైలు క్లయింటుకు పోయిందనుకోండి. పంపిన మెయిలు వెనక్కి తెచ్చుకుందామని వెంటనే రికాల్ నొక్కుతారు. అవుట్‌లుక్‌లో రికాల్ సొంత సంస్థ లోపలి మెయిళ్లకే పనిచేస్తుంది, బయటికి పోయిన మెయిలు వెనక్కి రాదు. ఇంకో మెయిలు పంపి సర్దబోవద్దు, ఏదీ డిలీట్ చేయవద్దు. మేనేజరుకు ఫోన్ చేయండి, అర్ధరాత్రైనా సరే. ఏం పోయింది, ఎవరికి పోయింది, ఎన్నింటికి పోయింది, ఈ మూడూ చెప్పండి. క్షమాపణలు తర్వాత. మొదటి గంటలో చెబితే అది పొరపాటు. మూడు రోజుల తర్వాత ఇంకెవరో కనిపెడితే దాచారన్న మాట పడుతుంది.

తప్పు చెప్పుకోనిచ్చే జట్టు మంచి జట్టు అనడానికి ఒక పరిశోధన ఆధారం ఉంది. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆస్పత్రుల్లో నర్సుల జట్లను చూశారు. మంచి జట్లలో మందుల పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంటే, లెక్కల్లో ఎక్కువ తేలాయి. తరచి చూస్తే, ఆ జట్లు భయం లేకుండా బయటికి చెబుతున్నాయి, మిగతావి దాస్తున్నాయి. ఆమె తర్వాత హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్‌గా దీని మీదే ఏళ్లపాటు పనిచేశారు. మీరు చేరిన జట్టు ఎట్లాంటిదో తెలుసుకోవాలంటే గోడల మీది పోస్టర్లు చూడొద్దు. మొదటి వారం కాల్స్‌లో మేనేజరు "ఇది నా పొరపాటు" అని ఒక్కసారైనా అన్నారా, అది గమనించండి.

ఇంగ్లిష్ గురించి. యాస మార్చుకోవాలని రాత్రింబవళ్లు పరేషాన్ అవుతుంటారు. గద్వాల చీర మగ్గం మీద చూసినవాళ్లకు తెలుసు, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పోగు అంచు దాకా వచ్చి పట్టు పోగును మెలేసుకుని వెనక్కి తిరుగుతుంది, ప్రతి వరుసకూ ఇదే. కుప్పడం అంటారు. మెలిక ఒక్కచోట తప్పితే అక్కడ చీర విడిపోతుంది, నూలు పట్టు కాలేదని ఎవరూ చీరను తిప్పి పంపరు. మీ ఇంగ్లిష్‌లో పాలమూరు ఉండనివ్వండి. మెలిక మాత్రం గట్టిగా పడాలి, అంటే ప్రతి కాల్ చివర "నాకు అర్థమైంది ఇది, ఎల్లుండికి నేను ఇచ్చేది ఇది" అని రెండు వాక్యాలు మీ నోటితో అనండి, ఆ వెంటనే రాతలో పంపండి. అపార్థం ఉంటే అక్కడే దొరికిపోతుంది.

పిలుపుల దగ్గర కూడా తడబాటు ఉంటుంది. చాలా సంస్థల్లో పార్ట్‌నర్‌ను కూడా పేరు పెట్టే పిలుస్తారు. మనకు తండ్రి వయసు మనిషిని పేరుతో పిలవడానికి నోరు తిరగదు. ఇబ్బందైతే మొదటి కొన్నాళ్లు పిలుపు లేకుండా విషయంలోకి దిగండి, నెమ్మదిగా అలవాటవుతుంది. గౌరవం పిలుపులో కాకుండా చెప్పిన వేళకు పని ఇవ్వడంలో చూస్తారు. ఇంకొకటి, ఇది మనం ఎదుటివాళ్లకు చేసే తప్పు: క్యాంటీన్ టేబుల్ దగ్గర ఐదుగురిలో నలుగురం తెలుగువాళ్లమైతే, ఒడిశా నుంచో అస్సాం నుంచో వచ్చిన ఐదో మనిషి ముందు గంటసేపు తెలుగులోనే మాట్లాడుకుంటాం. ఆ మనిషి మర్నాటి నుంచి వేరే టేబుల్ వెతుక్కుంటాడు. మనకు చోటు కావాలంటే మనం చోటిచ్చే గుణం ఉండాలి.

సమయం సంగతి చకచకా చెప్పేస్తాను. క్లయింటు అమెరికా తూర్పు తీరంలో ఉంటే ఎండాకాలం తేడా తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారుతుంది, మనది మారదు. ఆ సోమవారం కాల్‌కు గంట ముందో వెనకో చేరి ఇబ్బంది పడేవాళ్లు ఏటా ఉంటారు. మన శుక్రవారం రాత్రి పదింటికి వాళ్లకింకా పగలు పన్నెండు అటూ ఇటూ. కాబట్టి శుక్రవారం సాయంత్రం ఊరి బస్సు ఎక్కుతానని అమ్మకు మాటివ్వకండి, శనివారం పొద్దున అని చెప్పండి. మాట తప్పిన కొడుకు అనిపించుకోవడం కన్నా అది నయం. సద్దుల బతుకమ్మ ఎప్పుడో, కురుమూర్తి జాతర ఎప్పుడో అమెరికా క్లయింటుకే కాదు, మీ మేనేజరుకు కూడా తెలియకపోవచ్చు. నెల ముందే ప్రాజెక్టు క్యాలెండర్‌లో వేసి, ఆ రెండు రోజులు ఎవరు చూసుకుంటారో మాట్లాడి పెట్టండి, దీపావళికో ఛఠ్‌కో వాళ్ల పని మీరు చూడండి. ముందురోజు అడిగితే సెలవు బతిమాలుకున్నట్టుంటుంది, నెల ముందు చెబితే అది ప్లాన్.

ప్రాజెక్టు లేని రోజులను బెంచ్ అంటారు. రెండు వారాలైతే కొంపలేమీ మునగవు, అదే రెండు నెలలైతే మనసు కుంగుతుంది. ఎవరిని ఏ ప్రాజెక్టులో వేయాలో చూసే స్టాఫింగ్ టీమ్‌కు రెజ్యూమె పంపి ఎదురుచూస్తూ కూర్చోవడం తప్పు. చాలా పిలుపులు ఎవరో ఒకరు మీ పేరు చెప్పడం వల్ల వస్తాయి. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసంలో ఉద్యోగాల గురించి ఇదే చూపించారు: పని కబురు రోజూ కలిసే స్నేహితుల కంటే అప్పుడప్పుడు కలిసే పరిచయస్థుల నుంచే ఎక్కువగా వస్తుంది. రోజూ కలిసేవాళ్లకు మీకు తెలిసిందే తెలుసు కదా. ప్రాజెక్టులో ఉన్నప్పుడే వారానికి ఒకరితో 20 నిమిషాలు చాయ్ తాగండి. "మీ జట్టు ఇప్పుడు ఏ చిక్కు విప్పుతోంది?" అని అడగండి. ప్రాజెక్టు ఇప్పించమని మొదటి చాయ్‌లోనే అడగొద్దు. ఆరు నెలలకు పాతికమంది అవుతారు, వాళ్లలో నలుగురైదుగురు మీ పేరు గుర్తుపెట్టుకున్నా చాలు.

ఒకటి మాత్రం ఓర్చుకోమని చెప్పను. లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పది మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, బయటి సభ్యులొకరు తప్పనిసరి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పెంచొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. చెల్లెళ్లూ, చేరిన రోజే కమిటీ సభ్యుల పేర్లు, మెయిలు ఫోనులో సేవ్ చేసుకోండి. అవసరం పడిన రోజున వెతుక్కునే స్థితిలో ఉండరు.

మీరు రాసి పంపిన చీటీల్లో ఒక ప్రశ్న వచ్చింది: "ఇంట్లో ఏం పని చేస్తావని అడిగితే ఏమని చెప్పాలి?" చాలా మంచి ప్రశ్న. "నీకు అర్థం కాదులే అమ్మా" అన్నవాళ్లు ఆఫీసులోనూ క్లయింటుకు అర్థమయ్యేట్టు చెప్పలేరు. క్లయింటు పేరు మాత్రం చెప్పకండి, ఇంట్లోనైనా, మహబూబ్‌నగర్ బస్సులో ఫోన్‌లోనైనా. ఆడిట్ కూడా చేసే సంస్థ అయితే ఇంకో నియమం ఉంటుంది: కొన్ని కంపెనీల షేర్లు మీరు కొనకూడదు, పెళ్లయ్యాక మీ భార్యో భర్తో కూడా కొనకూడదు, చేరినప్పుడే అడిగి తెలుసుకోండి. పేరు లేకుండా పని చెప్పొచ్చు. "అమ్మా, ఒక పెద్ద ఆస్పత్రి ఉంది. మందులు అమ్మినవాళ్లకు ఒక్కోసారి రెండుసార్లు డబ్బు పోతోంది. ఎవరికి పోయిందో, ఎందుకు పోయిందో పట్టుకునే జట్టులో ఉన్నా. నా వంతు జాబితా చూడటం. మొన్న 29 దొరికినయి." ఇట్లా చెప్పి చూడండి. ఆమె తప్పకుండా ఇంకో ప్రశ్న అడుగుతుంది: "మరి ఆ డబ్బు తిరిగి వస్తదా?" మీ మేనేజరు కూడా పొద్దున అదే అడుగుతారు.

ఇంకో చీటీ ఇవ్వండి.